సుడి విడిచాకే లెక్క

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కిట్టటిన్నీ అనే పొడవాటి కొండ వరస ఉంది. సెప్టెంబరు మూడో వారంలో చలిగాలులు ఒక విడత దాటిపోయి, గాలి వాయవ్యం నుంచి వీచిందంటే, వలసపోయే డేగలను లెక్కపెట్టడానికి ఆ వరస మీది హాక్ మౌంటెన్‌కు జనం తెల్లారకముందే బయల్దేరతారు. ఆ గాలి కొండకు అడ్డంగా తగిలి పైకి లేస్తుంది. వలస డేగలు దాని మీద రెక్క ఆడించకుండా మైళ్ళకు మైళ్ళు జారిపోతాయి. ఎండెక్కాక నేల కాగి లేచే వేడిగాలి సుళ్ళు ఇంకో ఆసరా. అరకిలో అటూ ఇటూగా తూగే బ్రాడ్‌వింగ్ డేగ దక్షిణ అమెరికా దాకా చేరాలంటే ఒంట్లో కొవ్వును ఇలాగే పొదుపు చేసుకోవాలి.

ఒకప్పుడు ఇదే కొండ మీద వేటగాళ్ళు తుపాకులు పట్టుకుని కాచుకునేవాళ్ళు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆమె ఇక్కడ 1,400 ఎకరాలు లీజుకు తీసుకుని, కాపలాకు మారిస్ బ్రౌన్‌ను పెట్టారు. ఆయన కాపలాతో పాటు దాటిపోయే ప్రతి డేగనూ కాగితం మీద పెట్టారు. యుద్ధకాలంలో 1943 నుంచి 1945 దాకా ఆగింది తప్ప, ఆ లెక్క నేటికీ నడుస్తోంది. ఆగస్టు 15 నుంచి డిసెంబరు 15 దాకా, నాలుగు నెలలు.

లెక్కకు మూలం గంట. ప్రతి గంటకూ ఒక వరస: ఏ జాతి ఎన్ని, గాలి దిక్కు, వేగం, ఉష్ణోగ్రత, మబ్బు ఎంత, చూపు ఎంత దూరం ఆనుతోంది, చూసేవాళ్ళు ఎందరు. అక్కడ వేసవిలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. లెక్క పుస్తకంలో మాత్రం జరపని సమయమే వేస్తారు. లేకపోతే నవంబరులో గడియారం వెనక్కి తిప్పగానే పది గంటల వరసలోకి పదకొండు గంటల పక్షులు వచ్చి పడతాయి. ఒకరోజు 6 గంటలు కూర్చుని 240, ఇంకోరోజు 10 గంటలకు 300 చూశారనుకోండి. రెండోది పెద్ద రోజులా కనిపిస్తుంది. గంటకు 40, గంటకు 30 అని విడదీస్తే సంగతి తిరగబడుతుంది.

బైనాక్యులర్ 8 రెట్లదో 10 రెట్లదో చాలు. కొండ అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పాలి, తర్వాత ఒక మెట్టు పైకి ఎత్తి మళ్ళీ తిప్పాలి. మధ్యలో దించి వట్టి కళ్ళతో నడినెత్తి చూసుకోవాలి. అక్కడ దాటిపోయేవి ఎక్కువ. మబ్బు తునక లేని నీలాకాశం అన్నిటికన్నా కష్టం. ఆనడానికి ఏదీ లేకపోతే చూపు మనకు తెలియకుండానే దగ్గరికి జారిపోతుంది. ఎదురుగా పక్షి ఉన్నా మసకలో కలిసిపోతుంది. అందుకే నిమిషానికోసారి దూరపు కొండ మీదనో మబ్బు మీదనో కన్ను నిలిపి, మళ్ళీ ఆకాశంలోకి వెళ్ళాలి. మధ్యాహ్నం పక్షులు తగ్గినట్టు అనిపించేది కూడా చాలాసార్లు నిజం తగ్గుదల కాదు. సుళ్ళు బలపడి అవి కంటికి ఆనని ఎత్తుకు పోతాయి.

కొత్తవాళ్ళు బోల్తా పడేది సుడి దగ్గరే. వందలాది బ్రాడ్‌వింగ్‌లు ఒకే వేడిగాలిలో గిరగిరా తిరుగుతూ పైకి లేస్తుంటే దాన్ని అక్కడివాళ్ళు కెటిల్ అంటారు. ఉడికే ఎసట్లో బియ్యపు గింజల్లా కిందివి పైకి, పైవి పక్కకి. అందులో లెక్క పెట్టబోతే అదే పక్షి మూడుసార్లు వేలికి తగులుతుంది. ఆగాలి. సుడి కొసకు చేరిన పక్షి రెక్కలు కాస్త ముడిచి, దక్షిణం వైపు వాలుగా జారుతుంది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక ఇంకోటి, తాడు పేనినట్టు వరస కడతాయి. అప్పుడు ఆ దారిలో ఏదో ఒక గుర్తు, మబ్బు అంచో చెట్టు కొసో, గీతగా పెట్టుకుని దాన్ని దాటినవాటికే క్లిక్కర్ (నొక్కినకొద్దీ అంకె పెరిగే చేతి మీట) నొక్కాలి. పలచగా ఉంటే ఒక్కొక్కటి, చిక్కబడితే అయిదేసి, పదేసి. ఆ వరస ముందున్న ఇంకో సుడిలో కలిసినా కంగారు లేదు. గీత దాటినప్పుడే లెక్కయిపోయింది.

జాతిని పోల్చేది రంగుతో కాదు, ఆకారంతో, ఎగిరే తీరుతో. పొట్టి గుండ్రటి రెక్కలు, పొడవాటి తోక, నాలుగైదుసార్లు ఆడించి ఒకసారి జారితే షార్ప్‌షిన్ డేగ గానీ కూపర్స్ డేగ గానీ. కొనదేలిన రెక్కలైతే సాళువ. రెక్కలు పైకెత్తి, అటూ ఇటూ ఒరుగుతూ పోతే టర్కీ రాబందు. షార్ప్‌షినా, కూపర్సా అని దూరం నుంచి తేలకపోతే పట్టికలో దానికో గడి ఉంది: పోల్చనిది. ఆ గడి ఖాళీగా ఉన్న పుస్తకాన్నే ముందు అనుమానించాలి. ఊహించి వేసిన పేరు తర్వాతెవరూ దిద్దలేరు.

ఇంత పట్టుదల ఎందుకో బాల్డ్ ఈగిల్ లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ గద్దకు తల తెల్లబడటానికి నాలుగైదేళ్ళు పడుతుంది, కనుక పిల్లేదో పెద్దదేదో కింది నుంచే తెలుస్తుంది. బ్రౌన్ వయసు కూడా రాశారు. 1935-39 మధ్య కనిపించిన వాటిలో 40 శాతం పిల్లలు. 1955-59 నాటికి 20 శాతం. 1957లో 32 పెద్దవాటికి ఒక్క పిల్ల. పెద్దవి ఏళ్ళ తరబడి బతుకుతాయి గనక మొత్తం ఒక్కటే చూస్తే కీడు వెంటనే బయటపడదు. గూళ్ళలో పిల్లలు నిలవడం లేదన్నది వయసు గడే పట్టిచ్చింది. 1962లో రచయిత్రి రేచెల్ కార్సన్ డీడీటీ అనే పురుగుమందుకు వ్యతిరేకంగా చేసిన వాదనలో ఈ అంకెలు నిలిచాయి. 1972లో అమెరికా పంటల మీద దాన్ని నిషేధించింది.

మన దగ్గర ఈ పనికి దగ్గరిది రోళ్ళపాడు గడ్డిమైదానంలో ఉంది. నంద్యాల జిల్లాలోని ఈ అభయారణ్యానికి చలికాలంలో పిల్లిగద్దలు మధ్య ఆసియా వైపు నుంచి వచ్చి, రాత్రిళ్ళు గుంపుగా గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. ఇక్కడ గంటల వరస పనికిరాదు, సాయంత్రం ఒక్కటే అదను. పొద్దు గుంకడానికి గంట ముందే గడ్డికి దూరంగా, నాలుగు వైపులా మనుషులు కూర్చుని ఎవరి దిక్కు వాళ్ళు పంచుకోవాలి. గద్దలు గడ్డి మీద చాలాసేపు చుట్లు కొడతాయి, దిగినవి మళ్ళీ లేస్తాయి. అందుకే దిగినవి కలుపుతూ, లేచినవి తీసేస్తూ, పక్కన నిమిషం వేసుకుంటూ పోవాలి. ఈ పిల్లిగద్దల్లో మోంటెగూ అనే జాతి మగదానికి రెక్క పైన నల్లచార ఉంటుంది, పాలిడ్ అనే జాతి మగది ఇంకా తెల్లగా ఉంటుంది. ఆ రెండు జాతుల్లో ఆడవీ పిల్లలూ మాత్రం మునిచీకట్లో ఒక్కలాగే ఉంటాయి. వాటిని విడదీయకుండా ఒకే గడిలో రాయాలి.