పెర్గే నుంచి అంతియొకయకు కాలినడకన

చిరంజీవులైన పిల్లలకు,

క్రీస్తు బోధకులు పౌలు, బర్నబా పెర్గే నుంచి పిసిదియలోని అంతియొకయకు వెళ్ళిన సంగతి బైబిలులోని అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఆ వాక్యాన్ని ఇప్పుడు తుర్కియేలో కాళ్ళతో చదవాలంటే దాదాపు 500 కిలోమీటర్లు, ఇంచుమించు నెల రోజులు. 2004లో గుర్తులు వేసి తెరిచిన ఈ బాటను సెయింట్ పాల్ ట్రయిల్ అంటారు. వాళ్ళు ఏ కనుమ దాటారో గ్రంథం చెప్పదు. కానీ అదాదా అనే పాత పట్టణపు శిథిలాల దగ్గర రోమన్ల కాలంలో పరిచిన రాళ్ళ దారి ఇంకా ఉంది. దాని మీద అడుగు పెట్టినప్పుడు కాసేపు ఆగండి.

పెర్గే అంతల్యా నగరం పక్కన, సముద్రతీర మైదానంలో ఉంది. అక్కడి నుంచి టారస్ కొండల్లో 2,000 మీటర్లు దాటి ఎక్కాలి. కాబట్టి దూరం ఒక్కటే చూసి సమయం లెక్కకట్టకండి. గంటకు 5 కిలోమీటర్లు, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ ఇంకో గంట. 15 కిలోమీటర్లలో 900 మీటర్లు ఎక్కాలంటే నాలుగున్నర గంటలు. వీపున బరువు, మధ్యలో విశ్రాంతి కలిపితే ఏడు.

ఎక్కువమంది దెబ్బతినేది నీళ్ళ దగ్గరే. ఆ కొండలు చాలావరకు సున్నపురాయి. పడిన వాన పగుళ్ళలోంచి లోపలికి దిగిపోతుంది, పైన వాగులు ఎండిపోతాయి. మ్యాపులో నీలి గీత ఉంది కదా అని సీసా ఖాళీ చేసుకోకండి. ఊరు దాటేముందే తలా నాలుగు లీటర్లు నింపుకోండి. అంటే నాలుగు కిలోలు, కనుక మిగతా సంచి ఎనిమిది కిలోలు మించకూడదు. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీడ చూసుకుని కూర్చోవాల్సిందే. జూలై, ఆగస్టు నెలల్లో అసలు వెళ్ళొద్దు. వసంతం మొదట్లో పై కనుమల్లో ఇంకా మంచు ఉండవచ్చు. మే, అక్టోబరు మేలు.

రాళ్ళ మీదా చెట్ల మీదా తెలుపు, ఎరుపు పట్టీలే దారి గుర్తులు. ఎర్రటి ఇంటూ గుర్తు కనబడితే అది దారి కాదని అర్థం. పది నిమిషాలు నడిచినా గుర్తు కనబడకపోతే, చివరగా చూసిన గుర్తు దగ్గరికి వెనక్కి రండి. ముందుకెళ్తే అదే దొరుకుతుందిలే అనుకున్నవాళ్ళే ముళ్ళపొదల్లో పొద్దు పోగొట్టుకుంటారు.

మందలను కాసే కుక్కలు పెద్దవి, ఎదురొస్తాయి. పరుగెత్తకండి. మందకూ కుక్కకూ మధ్యకు పోకుండా ఆగి, కాపరిని కేకేయండి, తర్వాత దూరంగా చుట్టి వెళ్ళండి.

పాదంలో ఎక్కడైనా వెచ్చగా అనిపిస్తే అప్పుడే బూటు విప్పి టేపు వేయండి, బొబ్బ లేచాక వేస్తే ఆలస్యమైనట్టే. ప్రమాదమైతే 112కు ఫోన్ చేయండి. లోయల్లో సిగ్నల్ అందకపోవచ్చు, అందుకే ఈ రాత్రి ఏ ఊరు చేరతారో పొద్దున్నే ఎవరికో ఒకరికి చెప్పి బయలుదేరండి.

ఆశీస్సులతో,
తాతయ్య