పారాక్వాట్, కాలేయం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: ఏ విషం ఒంట్లోకి పోయినా కాలేయం దాన్ని విరిచేస్తుంది, కలుపు మందు పారాక్వాట్ విషయంలోనూ అంతే.

వాస్తవం: మనం వేసుకునే మందుల్లో చాలావాటిని కాలేయ కణాల్లోని సైటోక్రోమ్ పి-450 ఎంజైములు ఆక్సీకరించి, బయటికి పోవడానికి వీలైన రూపంలోకి మారుస్తాయన్నది నిజమే. అందుకు కావలసిన ఎలక్ట్రాన్లను, కణంలో వాటి నిల్వగా ఉండే ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం నుంచి తీసుకుని వాటికి అందించేది రిడక్టేజ్ అనే మరో ఎంజైము. పారాక్వాట్ సరిగ్గా ఇక్కడే దూరుతుంది. పి-450కి చేరవలసిన ఎలక్ట్రాన్‌ను తాను అందుకుని, మరుక్షణమే ఆక్సిజన్‌కు ఇచ్చేసి, మళ్ళీ మొదటి రూపానికి వచ్చి ఇంకో ఎలక్ట్రాన్ కోసం రిడక్టేజ్ దగ్గరికి చేరుతుంది. ఇలా ఎన్నిసార్లు తిరిగినా అది ఖర్చు కాదు. ఒంట్లో చేరినదానిలో ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారా ఏ మార్పూ లేకుండానే బయటికి పోతుంది.

ఎలక్ట్రాన్ అందుకున్న ఆక్సిజన్ సూపర్ ఆక్సైడ్‌గానూ, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గానూ మారుతుంది. ఇనుము తోడైతే ఇంకా తీవ్రమైన హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టి కణపు పొరల్లోని కొవ్వులను దెబ్బతీస్తుంది. ఈ పెరాక్సైడ్‌ను తొలగించే గ్లూటాథయోన్ మళ్ళీ పనికి రావాలంటే ఎన్‌ఏడీపీహెచ్ కావాలి, కానీ దాన్ని పారాక్వాట్ అప్పటికే కరిగించేస్తూ ఉంటుంది. దాడికీ రక్షణకూ ఒకే నిల్వ మీద ఆధారపడటమే ఈ విషంలో అన్నిటికన్నా క్రూరమైన సంగతి అని నాకనిపిస్తుంది.

అపోహ: కామెర్లు తగ్గితే గండం గడిచినట్టే.

వాస్తవం: కాలేయం చాలామందిలో కోలుకుంటుంది. ఊపిరితిత్తుల కణాలు మాత్రం పారాక్వాట్‌ను పనిగట్టుకుని లోపలికి లాక్కుంటాయి కాబట్టి, కామెర్లకు కారణమైన బిలిరుబిన్ దిగివచ్చాక కూడా అవి వారాల తరబడి గట్టిపడుతూ పోవచ్చు. పసరు మందు కోసం తిరిగే సమయం కాదది.

అపోహ: ఆయాసం వస్తే వెంటనే ఆక్సిజన్ పెట్టాలి.

వాస్తవం: పైన చెప్పిన చక్రం తిరిగేదే ఆక్సిజన్‌తో. అందుకే రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయేవరకు వైద్యులు ఆగుతారు. ఆ ఆగడాన్ని నిర్లక్ష్యంగా భావించే బంధువులకు ముందే వివరించడం వైద్యుల బాధ్యత.

అపోహ: పురుగుమందు కేసులన్నిటికీ యాట్రోపిన్ ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: యాట్రోపిన్ పనిచేసేది కోలినెస్టరేజ్ ఎంజైమును అడ్డుకునే ఆర్గనోఫాస్ఫేట్ వంటి పురుగుమందుల మీద. పారాక్వాట్ దారి వేరు, దానికి విరుగుడు లేదు. అందుకే రోగితోపాటు డబ్బా కూడా తీసుకురమ్మంటాం. డబ్బా దొరకకపోతే, క్షారం కలిపిన మూత్రంలో సోడియం డైథియోనైట్ అనే రసాయనం వేసి చూస్తాం; పారాక్వాట్ తగినంత ఉంటే నీలం రంగు వస్తుంది. కాలేయంలో రిడక్టేజ్ తయారుచేసే, ఎలక్ట్రాన్ అందుకున్న పారాక్వాట్ రూపమే ఆ నీలం. అక్కడ ఆక్సిజన్ దాన్ని క్షణం కూడా నిలవనివ్వదు.