బిస్కెట్టు మీద గ్రేవీ ఎందుకు పోస్తారు?

అమెరికాలో ఉన్న చిరంజీవి డల్లాస్ బుజ్జికి, ఇంగ్లండులో ఉన్న చిరంజీవి లీడ్స్ చిన్నాకు అమ్మమ్మ ఆశీస్సులు.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో మీరిద్దరూ పోట్లాడుకున్న సంగతి నేను మరచిపోలేదు. పొద్దున ఫలహారానికి బిస్కెట్ల మీద మిరియాల గ్రేవీ పోసుకుని తిన్నానని బుజ్జి చెప్పగానే చిన్నా ముక్కు మూసుకున్నాడు. పాపం, వాడి కళ్ల ముందు మెదిలింది టీలో ముంచుకునే డైజెస్టివ్ బిస్కెట్టు. బుజ్జి తిన్నది మాత్రం చేత్తో తుంచితే పొరలు పొరలుగా విడిపోయే మెత్తటి, తీపి లేని చిన్న రొట్టె. ఇద్దరూ చెప్పింది నిజమే కనుక, తీర్పు చెప్పడం మాని ఆ మాట కథ చెబుతాను.

బిస్కెట్ అనే మాట ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని లాటిన్ మూలానికి 'రెండుసార్లు వండినది' అని అర్థం. పిండినీ నీళ్లనీ కలిపి కాల్చి, తేమ ఏమాత్రం మిగలకుండా ఆరబెట్టిన గట్టి బిళ్లలు నెలల తరబడి చెడిపోవు. మనం వేసవిలో వడియాలు పెట్టుకోవడం వెనక ఉన్న యుక్తే అది. బ్రిటిష్ నౌకాదళంలో ఒక్కో నావికుడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు, అలాంటి బిళ్లలు ఇచ్చేవారు. తరువాతి కాలంలో వాటిలో వెన్న, చక్కెర చేరి రుచి పెరిగినా కరకరలాడే గుణం పోలేదు కాబట్టి, బ్రిటన్‌లో ఆ పేరు గట్టి బిళ్లకే ఉండిపోయింది. మనకు ఆ మాట నేర్పింది బ్రిటిష్ వాళ్లే కనుక మీ తాతయ్య టీలో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్టు కూడా చిన్నా పక్షమే.

అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో కథ వేరే దారి పట్టింది. అక్కడ పూర్వం ఈస్టు లేకుండా పిండి కలిపి, దానిలోకి గాలి చేరడానికి అరగంటా అంతకంటే ఎక్కువసేపూ కర్రతో బాదేవారు. పందొమ్మిదో శతాబ్దంలో వంటసోడా అందుబాటులోకి వచ్చాక ఆ బాదుడు తప్పింది. మజ్జిగలోని పులుపు సోడాతో కలిసినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ ఓవెన్ వేడికి వ్యాకోచించి పిండిని పైకి లేపుతుంది. ఆ పైన బేకింగ్ పౌడర్ వచ్చింది. ఈస్టు పడని భార్య కోసం ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో ఒక రకం తయారు చేస్తే, అమెరికాలో ఎబెన్ హార్స్‌ఫర్డ్ 1856లో మరో రకానికి పేటెంటు పొందాడు. దక్షిణాదిలో పండే మెత్తరకం గోధుమలో మాంసకృత్తులు తక్కువ కావడంతో పిండి సాగకుండా గుల్లగా పొంగుతుంది. ఇలా వస్తువు పూర్తిగా మారిపోయినా ఎవరూ దానికి కొత్త పేరు పెట్టలేదు. ఒక్కసారే కాలిన మెత్తటి రొట్టెను 'రెండుసార్లు వండినది' అని పిలుస్తూ హాయిగా తింటున్నారు!

మరి అమెరికన్లు చిన్నా బిస్కెట్టును ఏమంటారు? తియ్యనిదైతే కుకీ, ఉప్పటిదైతే క్రాకర్. కుకీ అనేది 'చిన్న కేకు' అని అర్థమిచ్చే డచ్చి మాట. 1664లో ఇంగ్లీషువాళ్ల వశమయ్యే వరకు న్యూయార్క్ డచ్చివారి వలస పట్టణం, దాని పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. పాలకులు మారినా వంటింటి మాట మిగిలిపోయింది. బ్రిటన్‌లోనూ ఇప్పుడు కుకీలు అమ్ముతారు గాని, ఆ పేరు చాక్లెట్ పలుకులు వేసిన పెద్ద మెత్తరకానికే ఎక్కువగా వాడతారు.

బుజ్జి బిస్కెట్టుకు బ్రిటన్‌లో దగ్గరి చుట్టం స్కోన్. అయితే స్కోన్‌లో సాధారణంగా కొంచెం చక్కెర ఉంటుంది, దాన్ని జామ్‌తోనూ చిక్కటి మీగడతోనూ తింటారు. డెవన్ వాళ్లు మీగడ ముందు రాస్తారు, కార్న్‌వాల్ వాళ్లు జామ్ ముందు రాస్తారు. ఈ విషయంలో వారి పట్టుదల చూస్తే పప్పన్నంలో ఆవకాయ కలపాలా, నంజుకోవాలా అని మన ఇంట్లో జరిగే వాదన గుర్తుకొస్తుంది. అమెరికాలో స్కోన్ అంటే చాలాచోట్ల మూడు మూలలుగా కోసి, పైన చక్కెర పాకం పోసిన తీపి వంటకం.

మఫిన్ మరీ చిత్రమైనది. బ్రిటన్‌లో అది ఈస్టుతో పొంగించి పెనం మీద కాల్చే గుండ్రటి రొట్టె. అమెరికాలో అదే పేరు కాగితపు గిన్నెలో పొంగే తీపి కేకుది. 1874లో న్యూయార్క్ చేరిన శామ్యూల్ బాత్ థామస్ అనే ఇంగ్లండు మనిషి 1880లో అక్కడ బేకరీ తెరిచి తన రొట్టెలను అమ్మాడు. అమెరికన్లు ఇంగ్లీష్ మఫిన్ అనేది ఆ రకం రొట్టెనే. ఇంగ్లండులో మాత్రం దాన్ని ఉత్త మఫిన్ అంటే చాలు.

పేర్ల తగువు పిల్లలదే అనుకోకండి. చాక్లెట్ పూసిన బిస్కెట్టుకు బ్రిటన్‌లో అమ్మకపు పన్ను ఉంది, కేకుకు లేదు. అందువల్ల మెత్తటి అడుగు మీద నారింజ జెల్లీ పెట్టి పైన చాక్లెట్ పూసిన జాఫా కేక్ ఏ జాతిదో 1991లో ట్రిబ్యునల్ తేల్చవలసి వచ్చింది. నిలవుంటే బిస్కెట్టు మెత్తబడుతుంది, కేకు గట్టిపడుతుంది. జాఫా కేక్ గట్టిపడుతుంది కనుక, మరికొన్ని లక్షణాలు కూడా చూసి, కేకే అన్నారు. మన అమ్మలక్కలు కూడా డబ్బా మూత తెరిచి ఇలాగే తేల్చేవారు.

మీరు ఒకరి వంట ఒకరు చేసి చూస్తానన్నారు కదా, అప్పుడు కొలతల దగ్గర జాగ్రత్త. అమెరికా వంటలో 350 డిగ్రీలంటే ఫారెన్‌హీట్, చిన్నా తన ఓవెన్‌ను 180 సెల్సియస్ దగ్గర పెట్టాలి. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. నేను మొదటిసారి మన కాఫీ గ్లాసుతో కొలిచి చేసిన కేకును కాకులు కూడా ముట్టలేదు. చిన్నా పంపే వంటలో ఫ్లాప్‌జాక్ అని ఉంటే బుజ్జి పెనం వెతకనక్కరలేదు, తన ఊళ్లో ఆ పేరుతో పాన్‌కేక్ దొరికినా, వాడు చెప్పేది ఓట్స్‌లో వెన్న, గోల్డెన్ సిరప్ అనే చక్కెర పాకం కలిపి ఓవెన్‌లో పెట్టి ముక్కలు కోసే తీపి.

ఇట్లు,
మీ అమ్మమ్మ