కాలువలు కట్టేసిన నెలల్లో

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక గోదావరి డెల్టాలో కాలువలు కట్టేస్తారు. జూన్‌లో సార్వాకు (తొలి పంటకు) మళ్ళీ నీరు వదిలేలోగా పూడిక తీయాలి, తూడూ గుర్రపుడెక్కా తొలగించాలి, లాకుల తలుపులు బాగుచేయాలి. నిండుగా పారే కాలువలో ఈ పనులు సాగవు. అలాగని నీరు ఆపినంత మాత్రాన పూడిక దానంతట అది పోదు. బర్నవుట్ నుంచి, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోయిన స్థితి నుంచి కోలుకునే మనిషికి సెలవు అవసరమే గాని సెలవు ఒక్కటే చాలదని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పడంలోనూ ఇదే తర్కం ఉంది.

బర్నవుట్ అనే మాటను మనస్తత్వ శాస్త్రంలోకి 1974లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ తెచ్చారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వ్యాధిగా కాక, అదుపులోకి రాని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే వృత్తిపరమైన స్థితిగా నిర్వచించింది. ఓపిక పూర్తిగా ఇంకిపోవడం, చేసే పని మీదే విముఖత పెరగడం, తన వల్ల ఏమీ కావడం లేదనిపించడం దీని మూడు లక్షణాలు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసే టెక్నీషియన్ ఒకరు నాకు తెలుసు. చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, ఎందుకంటే పగలు దాన్ని తయారుచేసే నాచు కూడా రాత్రంతా దాన్నే వాడుకుంటుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే పంట మొత్తం పోవచ్చు. ఏళ్ళ తరబడి రాత్రి మూడింటికి లేచిన ఆయన చివరకు నెల రోజులు సెలవు పెట్టి, కోనసీమలోని తల్లిగారింట కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయారు. తిరిగి పనిలో చేరాక మూడు వారాలకే పరిస్థితి మొదటికొచ్చింది. సెలవు వల్ల కలిగే మేలు కొద్ది వారాల్లోనే కరిగిపోతుందని పరిశోధనల్లోనూ తేలింది కనుక, దాన్ని ఆయన బలహీనత అనడం అన్యాయం.

తీవ్రమైన ఒత్తిడిలో మెదడు ముందుభాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో నోరాడ్రినలిన్, డోపమిన్ అనే రసాయనాలు మితిమీరి పెరుగుతాయి. అప్పుడు ఆలోచించి నిర్ణయించే శక్తి సన్నగిల్లి, పాత అలవాట్లదే పైచేయి అవుతుంది. అందుకే తట్టుకునే నేర్పును వరద మీదుండగా నేర్చుకోలేము. ఒత్తిడి తగ్గిన రోజుల్లో, చిన్న మోతాదుల్లో, అలవాటుగా మారేవరకు సాధన చేయాలి. నిమిషానికి ఆరు చొప్పున నెమ్మదిగా శ్వాస తీసుకోవడం అలాంటి సాధనే: శ్వాస వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గాబరా పుట్టాక మొదటిసారి ప్రయత్నించే వారికి ఇది పనిచేయకపోతే ఆశ్చర్యం లేదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో తట్టుకునే మార్గాలను రెండుగా విడదీశారు: సమస్యను మార్చడం, సమస్య రేపిన భావోద్వేగాన్ని సంభాళించుకోవడం. శ్వాస రెండో కోవకు చెందుతుంది. మొదటి దాన్ని వదిలేసి రెండోదాన్నే బోధించడం నా దృష్టిలో పెద్ద పొరపాటు, ఎందుకంటే ఒక్కడి మీద ముగ్గురి పని మోపి ధ్యానం చేయమనడం గండి పూడ్చకుండా ఇంట్లో చేరిన నీళ్ళు తోడమనడమే.

పని ఒత్తిడి నుంచి కోలుకోవడంపై పరిశోధించిన సబీన్ సోనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో కోలుకోవడానికి తోడ్పడే నాలుగు అనుభవాలను గుర్తించారు. పని తలపు నుంచి మనసు విడిపోవడం, విశ్రాంతి, తీరిక సమయం తన చేతిలో ఉండటం అందరూ ఊహించేవే. నాలుగోది, పనికి సంబంధం లేని కొత్త విద్యలో కొంచెం కొంచెంగా నేర్పు సాధించడం. మా టెక్నీషియన్‌కు ఎక్కువ ఉపకరించింది ఇదే. చిన్నప్పుడు మానేసిన మృదంగం మళ్ళీ మొదలుపెట్టారు. అయితే ఏ పని మీదా ఆసక్తి లేక, నిద్రా ఆకలీ చెడి, బతకడమే భారమనిపిస్తే అది బర్నవుట్‌ను దాటిన కుంగుబాటు కావచ్చు. వెంటనే వైద్యుణ్ణి కలవాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయాలి.

రెండోసారి సెలవు పెట్టినప్పుడు ఆయన చెరువు యజమానితో కూర్చుని మాట్లాడారు. దాళ్వాలో నీరు చాలనప్పుడు కాలువలకు వంతులు వేసినట్టే, రాత్రి కాపలాకు ఇద్దరు మనుషులు వంతులు వేసుకున్నారు. తన వంతు కాని రాత్రి ఆయన చెరువు ఫోన్‌ను గట్టు మీది షెడ్డులో రెండో మనిషికి అప్పగించి ఇంటికి వెళతారు. మొదట్లో చాలా రోజులు మూడింటికి మెలకువ వస్తూనే ఉండేదట. లేచి ఫోన్ కోసం తడుముకుని, అది లేదని గుర్తొచ్చి, శ్వాస లెక్కపెట్టుకుంటూ పడుకునేవారట.