డోర్ ప్యాడ్ పొర ఊడిందని అడిగారు కదా

నల్లగొండ

పిల్లలూ,

మీ మామ స్పోర్ట్స్ కారు తలుపు లోపలి ప్యాడ్ ఫొటోలు చూశాను. చెయ్యి ఆనించే చోట బుడగలు లేచిన రెగ్జిన్, అద్దం అంచు దగ్గర వెనక్కి ముడుచుకున్న పొర, ఆ సందులో వేలు పెట్టి చిన్నోడు బయటికి తీసిన పొడి, అన్నీ బాగానే కనబడుతున్నాయి. షోరూంలో అడిగితే ప్యాడ్ మొత్తం మార్చాలన్నారని, ఆ రేటు విని మామ నోట మాట రాలేదని రాశారు. స్పోర్ట్స్ కారు అయినంత మాత్రాన తలుపు లోపలి వైపు బంగారు రేకు వేయరు. గట్టి అట్టో ప్లాస్టిక్కో అడుగున ఉంటుంది, దాని మీద పలచటి స్పాంజి, ఆపైన రెగ్జిన్, మధ్య మధ్య బంక. మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు లైను కట్టే లారీల సీట్లలో ఉండే సరుకు కూడా దాదాపు ఇదే జాతి. ఇంట్లో చేసుకోగలిగిన పనే. కాకపోతే ఊడిన చోట ఇంత బంక పూసి గట్టిగా నొక్కితే సరిపోతుందని మీరు అనుకుంటున్నారే, అది కుదరదు. ఎందుకు కుదరదో ముందు చెబుతాను. పని సంగతి తర్వాత.

మన బోరుబావిలోకి దించే కేసింగ్ పైపు పీవీసీ అనే ప్లాస్టిక్. ఈ రెగ్జిన్ కూడా పీవీసీయే. ఒకటేమో కొడితే మోగేంత గట్టిది, ఇంకోటి బట్టలాగా మడత పడుతుంది. తేడా అంతా అందులో కలిపే నూనెలాంటి పదార్థానిది. దాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. 1926లో అమెరికాలో గుడ్రిచ్ అనే టైర్ల కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్ అనే కెమిస్టు పీవీసీని ఇలా మెత్తబరిచే దారి కనిపెట్టాడు. చిక్కేమిటంటే ఆ నూనె పీవీసీతో రసాయనికంగా కలిసిపోదు, దాని సందుల్లో దూరి కూర్చుంటుంది, అంతే. వేడి తగిలితే మెల్లగా బయటికి వచ్చేస్తుంది. కొంత ఆవిరై ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డుగా పట్టుకుంటుంది. కారు అద్దం లోపల తుడిస్తే గుడ్డకు అంటే మసకలో కొంత భాగం అదే. ఇంకొంత వెనక్కి దిగి బంకలో కలుస్తుంది, దాంతో బంక మెత్తబడి పట్టు వదిలేస్తుంది. నూనె పోయిన రెగ్జిన్ బిరుసెక్కి కుంచించుకుపోతుంది. అంచులు వెనక్కి లాక్కున్నట్టు కనిపించేది అందుకే.

స్పాంజి కథ వేరు. అది పాలీయురెథేన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్. ఏళ్ల తరబడి వేడి, గాలిలోని తేమ రెండూ కలిసి దాన్ని లోపల్లోపలే విరగ్గొడతాయి. మన దగ్గర వైశాఖ జ్యేష్ఠాల్లో ఎండ 44, 45 డిగ్రీలు ముట్టడం కొత్త కాదు. మూసి ఉన్న కారు లోపల గాలి 60 దాటుతుంది, డ్యాష్‌బోర్డు పైభాగం అంతకంటే ఎక్కువ కాలుతుంది. స్పోర్ట్స్ కారుకు ముందు అద్దం బాగా వాలి ఉంటుంది, లోపల చోటేమో ఇరుకు. ఎండ ఎక్కువ దిగుతుంది, వేడి తిరగడానికి జాగా ఉండదు. మామేమో హైదరాబాద్‌లో, కారేమో ఏడాదిలో సగం రోజులు మీ వాకిట్లో రేకుల షెడ్డు కింద. రేకుల షెడ్డు నీడ ఇస్తుంది గానీ చల్లదనం ఇవ్వదు.

కాబట్టి ముందు తలుపును బొటనవేలితో నొక్కుతూ చూడండి. లోపల కరకరమన్నట్టు అనిపిస్తే, నొక్కిన గుంట తిరిగి లేవకపోతే స్పాంజి చచ్చింది. పొర మెత్తగా ఉండి, అటూ ఇటూ జారుతూ, అంచు ఎత్తితే కింద జిగటగా ఉంటే బంక ఒక్కటే పోయింది. కింది మూల దగ్గర అట్ట ఉబ్బి ఉంటే నీళ్లు దిగాయని అర్థం. పొర ఊడకుండా పైనంతా చేతికి అంటుకునే జిగురుగా తయారైతే అది రెగ్జినే కాదు, ప్లాస్టిక్ మీద కొట్టిన మెత్తటి రంగు కరుగుతోందన్నమాట. ఇటలీ కార్ల స్విచ్చులకు ఇది బాగా తెలిసిన జబ్బు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపిగ్గా తుడిచేస్తే ఆ రంగు వదిలిపోతుంది. మీ ఫొటోల్లో నాకు కనిపించింది మాత్రం మొదటిదే, స్పాంజి.

చెయ్యి వేసే ముందు ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కొన్ని స్పోర్ట్స్ కార్లకు పక్క ఎయిర్‌బ్యాగ్ తలుపులోనే ఉంటుంది. 1996లో వచ్చిన పోర్షే బాక్స్‌స్టర్ అలాంటిదే. ప్యాడ్ మీద ఎక్కడైనా ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉందేమో వెతకండి. ఉంటే ఆ భాగం మీద కొత్త రెగ్జిన్ వేయకూడదు. బ్యాగ్ చీల్చుకుని రావడానికి కంపెనీ అక్కడ పొరను కావాలనే బలహీనంగా ఉంచుతుంది. మీరు గట్టి రెగ్జిన్ కప్పితే అవసరమైన క్షణంలో అది సరిగ్గా తెరుచుకోదు. అలాంటి తలుపైతే పని తెలిసిన మెకానిక్‌కు అప్పజెప్పి పక్కకు రండి. లేదంటే ఇంట్లోనే కానివ్వండి, పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.

ప్యాడ్ విప్పడం గురించి ఎక్కువ రాయను, ఫోన్‌లో ప్రతి అడుగుకూ ఒక ఫొటో తీసుకుంటే సగం తలనొప్పి పోతుంది. అద్దాలు కొంచెం కిందికి దించి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి పావుగంట ఆగండి. ఇలాంటి కార్లకు తలుపు పైన ఫ్రేము ఉండదు. హ్యాండిల్ లాగగానే అద్దం కొంచెం కిందికి జారి, తలుపు మూశాక మళ్లీ పైకి లేస్తుంది. కరెంటు లేనప్పుడు అది జారదు, అద్దం పైకి ఉంచి తలుపు మూశారంటే అంచుకు కొట్టుకుంటుంది. బ్యాటరీ డిక్కీలో ఉండి, ఆ డిక్కీ కరెంటుతో తెరుచుకునే రకమైతే పని అయ్యేదాకా దాన్ని మూయకండి. స్క్రూలు హ్యాండిల్ గిన్నెలో, చిన్న మూతల కింద దాక్కుని ఉంటాయి. అవన్నీ తీశాక కింది మూల నుంచి క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీయాలి. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదీయకండి, ప్లాస్టిక్ పట్టీ వాడండి. చివర్లో ప్యాడ్‌ను మీ వైపు లాగకుండా పైకి ఎత్తండి. అద్దం అంచుకు కొక్కెంలా తగిలి ఉంటుంది. వెనక వైర్లు, హ్యాండిల్ కేబుల్ విప్పేదాకా ఒకరు పట్టుకునే ఉండాలి.

ఇక అసలు పని. పాత పొరను హెయిర్ డ్రయర్‌తో వెచ్చజేస్తూ, పైకి కాకుండా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి. అది చిరగకుండా రావాలి. మళ్లీ వాడటానికి కాదు, కొత్తది కోయడానికి కొలతగా. పొర లేచాక అట్ట మీద మిగిలేది చూస్తే చిరాకు పుడుతుంది. ఒకప్పటి స్పాంజి పసుపు పొడిలా రాలుతుంది. గోటితో గీస్తే కొంత పొడి లేస్తుంది, కొంత పాత బంకతో కలిసి వేలికి జిగురుగా చుట్టుకుంటుంది. విదిలించినా పోదు, చొక్కాకు రుద్దుకుంటే చొక్కాకు పడుతుంది. ఈ పొడి ఇంతైనా మిగిలితే కొత్త బంక అట్టను పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది. పొడి దేన్నీ పట్టుకోదు. ఊడిన చోట బంక పెట్టి నొక్కితే కుదరదని అన్నది ఇందుకే. ఆరుబయట, మూతికి మాస్కు కట్టుకుని, ముందు నైలాన్ బ్రష్, తర్వాత ఎమ్రీ కాగితం, ఆ తర్వాత ఇందాక చెప్పిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ. అరచేయి పెట్టి రుద్దితే చేతికి ఏమీ అంటకూడదు. అప్పటిదాకా ఇదే పని. థిన్నర్ జోలికి పోకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. పెట్రోలు మాట ఎత్తొద్దు. అట్ట అయితే నీళ్లు కూడా వద్దు.

మూలల్లో అట్ట ఉబ్బి ఉంటే నీడలో పూర్తిగా ఆరనిచ్చి, అరగదీసి, పలచటి కలప బంక పట్టించి బరువు పెట్టండి. ప్లాస్టిక్ పగిలితే వెనక వైపు నుంచి ఎపాక్సీ బంక, రెండు భాగాలు కలిపి వాడేది, పెట్టండి.

రెగ్జిన్ దగ్గర జాగ్రత్త. సోఫాలకు వేసే మామూలు రెగ్జిన్‌కు వెనక గట్టి బట్ట ఉంటుంది, అది సాగదు. తలుపు మీద ఎత్తుపల్లాలు ఎక్కువ. నాలుగు వైపులా సాగే రకం, వెనక 2, 3 మిల్లీమీటర్ల స్పాంజి ఉన్నది అడగండి. సీట్ కవర్ల షాపులో ముక్క చేతిలోకి తీసుకుని రెండు వైపులా లాగి చూసి కొనండి, షాపాయన మాట మీద కొనకండి. మీలో పెద్దది రాసింది, పోచంపల్లి బట్ట వేస్తే ఎలా ఉంటుందని. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ ఎండలో రంగు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం గనక మధ్యలో చిన్న ముక్కగా వేసుకోండి, చెయ్యి ఆనే చోట వద్దు.

బంక సింథటిక్ రబ్బరుది కావాలి, రెండు వైపులా పూసేది. ఫెవికాల్ ఎస్ఆర్ రకం హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఇలాంటి బంకల్లో చాలావాటికి మూలం 1930లో డూపాంట్ కంపెనీ ల్యాబ్‌లో తయారైన నియోప్రీన్ రబ్బరు. పుస్తకాలకు వాడే తెల్ల బంక ఇక్కడ పనికిరాదు. మామూలు స్ప్రే బంకలు మన ఎండకు మెత్తబడతాయి, డబ్బా మీద ఎంత వేడి తట్టుకుంటుందో చదివి కొనండి. ఈ రబ్బరు బంక వాసనకు తల తిరుగుతుంది, దాని ఆవిరికి నిప్పంటుకుంటుంది. కాబట్టి గదిలో కాదు, వంటింటి వైపు అసలు కాదు.

అట్టకూ, రెగ్జిన్ వెనక్కూ పలచగా పూసి ఆగండి. ఇక్కడే అందరికీ తొందర. తడిగా ఉండగా అంటిస్తే లోపల ఆవిరి చిక్కుకుని మళ్లీ బుడగలే. వేలి కణుపు ఆనిస్తే జిగట తెలియాలి, బంక మాత్రం వేలితో రాకూడదు. అదీ అదను. మిట్టమధ్యాహ్నం చేస్తే ఆ అదను చూస్తుండగానే దాటిపోతుంది. ముసురు పట్టిన రోజైతే ఆరుతున్న బంక మీద తేమ దిగి తెల్లగా మసకేస్తుంది, అది పట్టదు. పొద్దున్నే, పొడి గాలి ఉన్న రోజు చూసుకోండి.

అంటించేటప్పుడు అంచుల నుంచి మొదలుపెట్టకండి. లోతైన చోటు ఎక్కడో చూడండి, హ్యాండిల్ గిన్నె, చెయ్యి ఆనించే దాని కింది వంపు. ముందు అక్కడ వేళ్లతో లోపలికి దిగేదాకా నొక్కి, అక్కడి నుంచి బయటికి రండి. అంచులు ముందు అంటిస్తే గుంట మీద రెగ్జిన్ డప్పు తోలులా బిగుసుకుని, మొదటి ఎండకే పైకి లేస్తుంది. ఒకసారి రెండు బంకలూ తాకాయంటే జరపడం ఉండదు. అందుకే ఒకరు రెగ్జిన్‌ను ఎత్తి పట్టుకోవాలి, ఒకరు నొక్కాలి. వంపుల దగ్గర డ్రయర్‌తో కాస్త వేడి చేస్తే సాగుతుంది. చుట్టూ రెండంగుళాలు ఎక్కువ వదిలి, వెనక్కి మడిచి, మూలల్లో చిన్న గాట్లు పెట్టండి. గాటు ముందు వైపుకు రాకూడదు.

ఒక రోజు ఆరనిచ్చి బిగించండి. బిగించే ముందు తలుపు ఇనుము మీద అంటించి ఉన్న ప్లాస్టిక్ షీటు చూడండి. అద్దం సందు నుంచి తలుపులోకి దిగే వాన నీళ్లు ప్యాడ్‌ను తాకకుండా ఆపేది అదే. చిరిగితే అతికించండి. తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, మన ఎర్రదుమ్ముకు అవి పూడిపోతాయి, పుల్లతో తీయండి. స్విచ్చులన్నీ పనిచేస్తున్నాయో లేదో క్లిప్పులు నొక్కకముందే చూసుకోండి.

అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయిస్తే సరి అన్నాడట మామ. 2012లోనే సుప్రీంకోర్టు వాటిని వద్దంది, పోలీసులు ఆపి పీకిస్తారు. ముందు అద్దానికి మడిచే షేడు, కారుకు లేత రంగు కవరు కొనమనండి. తళతళలాడాలని సిలికాన్ పాలిష్ రుద్దనివ్వకండి, రేపు మళ్లీ ఎక్కడైనా అతికించాల్సి వస్తే అది బంకను పట్టనివ్వదు.

పాత క్లిప్పుల్లో కొన్ని ఎలాగూ విరుగుతాయి. ఒకటి నమూనాగా జేబులో వేసుకుని ఉంచండి, వచ్చే వారం నేను సికింద్రాబాద్ వెళ్తున్నాను, రాణిగంజ్‌లో అడుగుతాను. అప్పటిదాకా కుడి వైపు తలుపు ముట్టుకోకండి, ముందు ఎడమది పూర్తి కానివ్వండి.

మీ తాత