ఆ అయిదున్నర సెకన్లే అసలు కేసు
కెనడాలోని టొరంటోలో ఫోర్సిల్లో అనే పోలీసు సామీ యాటిమ్ అనే కుర్రాణ్ని కాల్చి చంపితే, కోర్టు ఆయన్ని హత్యాయత్నం కింద దోషి అంది. చనిపోయిన కుర్రాడి విషయంలో హత్యాయత్నం ఏంటి, హత్య అనాలి కదా అని ఈ కేసు ఎప్పుడు చర్చకొచ్చినా జనం అడుగుతూనే ఉంటారు. డ్యూటీలో కాల్చి చంపిన పోలీసు తన శిక్ష మీద అప్పీల్‌కి వెళ్తే ఏమవుతుంది అనే వాదన మళ్లీ నడుస్తోంది కాబట్టి టొరంటోలో ఏం జరిగిందో ఒకసారి చూడాలి. 2013 జులైలో ఒక రాత్రి స్ట్రీట్‌కార్ (రోడ్డు మీద నడిచే ట్రామ్)లో సామీ కత్తి పట్టుకుని ఉన్నాడు, పోలీసులు వచ్చారు, కాల్పుల వీడియో వైరల్ అయింది, ఆ వివరాల్లోకి ఇక వెళ్లను.

అసలు సంగతంతా తూటాల లెక్కలో ఉంది. కానిస్టేబుల్ జేమ్స్ ఫోర్సిల్లో అక్కడికొచ్చి నిమిషం కూడా కాకముందే 3 సార్లు కాల్చాడు, 18 ఏళ్ల సామీ యాటిమ్ వెల్లకిలా పడిపోయాడు. అయిదున్నర సెకన్లు ఆగాడు. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని చూడండి, ఎంతసేపో తెలుస్తుంది. ఆ తర్వాత కిందపడి ఉన్నవాడి మీద ఇంకో 6 సార్లు. చుట్టూ ఉన్న మిగతా పోలీసుల్లో ఒక్కరు కూడా తుపాకీ పేల్చలేదు.

ప్రాణం తీసింది మొదటి విడతే. దానికి హత్య కింద దోషి కాదని జ్యూరీ తేల్చింది, కానీ రెండో విడతకి 2016 జనవరిలో హత్యాయత్నం కింద దోషి అంది. ఇలాంటి తుపాకీతో చేసిన హత్యాయత్నానికి చట్టంలో కనీస శిక్ష 5 ఏళ్లు, జడ్జి 6 వేశారు.

అప్పీల్‌లో ఫోర్సిల్లో లాయర్లు పట్టుకున్నది కూడా ఈ గ్యాప్‌నే. మొత్తం ఒకటే ఘటన, ముక్కలు చేయకూడదు అన్నారు, కుర్రాడు లేస్తున్నాడని అనిపించింది అన్నాడు ఫోర్సిల్లో. వీడియోలో మాత్రం వాడు లేస్తున్నట్టు కనిపించదు. ఆ కనీస శిక్ష అనేది కావాలనే తుపాకీ పట్టుకు తిరిగే నేరస్తుల కోసమే గానీ డ్యూటీ కోసం మోసేవాళ్లకి కాదని కూడా వాదించారు. 2018లో టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర అప్పీల్ కోర్టు రెండిటినీ కొట్టేసింది, 6 ఏళ్లు అలాగే ఉంచింది, ఆ ఏడాది చివర్లో కెనడా సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది, యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఆ రెండో విడత చిన్నదైపోదు కదా.

2020 జనవరిలో ఫోర్సిల్లోకి ఫుల్ పెరోల్ (మిగతా శిక్ష షరతుల మీద బయటే గడపడం) వచ్చింది. సామీ ఎలా చనిపోయాడో విచారించే కరోనర్ ఇన్‌క్వెస్ట్ కోసం ఆ కుటుంబం 2024 జనవరి దాకా ఎదురుచూసింది.