పెన్ను మీద పేరు ఒకరిది, చేసింది ఇంకొకరు

మళ్లీ అదే గొడవ. 'డైమండ్ మెడల్' అనే ముద్ర ఉన్న పాత ఫౌంటెన్ పెన్నుని ఎవరో అమ్మకానికి పెట్టి, పక్కన "పార్కర్ తయారీ" అని రాస్తారు. దాంతో ధర పెరుగుతుంది, కాదనేవాళ్లూ ఔననేవాళ్లూ బయల్దేరతారు. ఈ తగువుకి అసలు మూలం, నా లెక్కలో, 1924.

ఆ ఏడాది అమెరికా పెన్నుల కంపెనీ షేఫర్ 'రాడైట్' పేరుతో సెల్యులాయిడ్ (అప్పటి ఒక రకం ప్లాస్టిక్) పెన్నులు తెచ్చింది. అప్పటిదాకా పెన్నులు ఎక్కువగా గట్టి రబ్బరుతో చేసినవే. 1926లో పార్కర్ కూడా తన డ్యూఫోల్డ్ మోడల్‌ని ప్లాస్టిక్‌లోకి మార్చేసింది. మెలిక ఏమిటంటే ఈ సెల్యులాయిడ్‌ని పెన్ను కంపెనీలు సొంతంగా తయారు చేసుకోలేదు, డ్యుపాంట్ లాంటి రసాయన కంపెనీల దగ్గర కడ్డీలుగా, గొట్టాలుగా కొనుక్కున్నాయి. అలాంటి సరుకు చిన్న కంపెనీలకీ దొరికేది. అందుకని పెద్ద కంపెనీ పెన్నూ, అనామకుడి పెన్నూ చూడ్డానికి కవలల్లా ఉండొచ్చు. బ్యారెల్ (పెన్ను ఒళ్లు) రంగు చూసి "ఇది ఫలానా వాళ్లదే" అనే వాదన సగం ఇక్కడే పోతుంది.

ఇక రెండో సగం. సియర్స్, మాంట్‌గొమరీ వార్డ్ లాంటి అమెరికా పెద్ద అమ్మకందార్లకి తమ పేరుతోనే పెన్నులు కావాలి, కానీ ఫ్యాక్టరీ పెట్టే ఉద్దేశం లేదు. షికాగోలోని నేషనల్ పెన్ ప్రొడక్ట్స్ సియర్స్‌కి డైమండ్ మెడల్, వార్డ్‌కి గోల్డ్ బాండ్ చేసి ఇచ్చింది, అంటే పోటీదార్లిద్దరికీ సరుకు ఒకే చోటు నుంచి. పైగా 1930ల్లో కొన్ని డైమండ్ మెడల్ పెన్నులు నిజంగానే పార్కర్ నుంచి వచ్చాయి. అమ్మేవాళ్ల ధైర్యమంతా ఈ 'కొన్ని' మీదే. ట్రేడ్‌మార్క్ రికార్డు వెతికితే పేరు ఎవరి సొంతమో తెలుస్తుంది, పాత కేటలాగ్ తీస్తే రంగూ ధరా తెలుస్తాయి, ఏ ఫ్యాక్టరీలో చేశారో మాత్రం చాలాసార్లు రెండింట్లోనూ ఉండదు.

అమ్మేవాళ్లు చూపించే ఆధారాలు సాధారణంగా క్లిప్పు, పాళీ. పాళీ మీద 'వారంటెడ్ 14 కె' (14 క్యారెట్ల బంగారమని హామీ) అని ఉంటుంది, చేసినవాడి పేరుండదు. పైగా లాగితే ఊడొచ్చే వస్తువది, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మారిందో ఎవరికి తెలుసు?

విప్పి చూసేవాళ్ల పద్ధతి వేరు. సెక్షన్ (పాళీ దగ్గర వేళ్లతో పట్టుకునే భాగం) బ్యారెల్‌లో ఎలా కూర్చుంది, క్యాప్ మరలు ఎంత దగ్గరగా కోశారు, ఫీడ్‌లో (పాళీకి సిరా అందించే ముక్క) గాట్లు ఎలా ఉన్నాయి, లివర్‌ని (సిరా నింపే మీట) లోపల దేంతో బిగించారు, ఇవన్నీ కొలుస్తారు. వాటర్‌మన్ కంపెనీ పెన్ను లివర్‌కి చుట్టూ లోహపు చట్రం ఉంటుంది. పార్కర్ ఆ రోజుల్లో ఎక్కువగా బటన్‌తో సిరా నింపే పద్ధతి వాడింది, తన చవకరకం పెన్ను పార్కెట్‌కి మాత్రం లివర్ పెట్టింది. మరలు కోసే పనిముట్లు పెన్ను పేరు మారినంత తేలిగ్గా మారవు కదా. కాబట్టి తయారీదారు ఎవరో కచ్చితంగా తెలిసిన ఇంకో పెన్ను పక్కన పెట్టి పోల్చాలి, ఒక్కటి కాదు, మూడు నాలుగు లక్షణాలు కలవాలి. పేటెంటు నంబరు ఉంటే మంచిదే, కాకపోతే అది పేటెంటు ఎవరిదో చెబుతుంది, పెన్ను ఎవరు చేశారో చెప్పాలని లేదు.

అసలు పేరున్న బ్రాండ్లకే దిక్కు లేదు. అమెరికాలోని టొలీడోలో పుట్టిన కాంక్లిన్ అనే పెన్నుల కంపెనీని 1938లో షికాగో వాళ్లకి అమ్మేశారు, తయారీ కూడా అక్కడికే వెళ్లింది. ఆ తర్వాతి పెన్ను మీద కాంక్లిన్ అని ఉన్నా, టొలీడో పనితనం అందులో వెతకడం దండగ.

పాపం, అమ్మేవాళ్ల ఇబ్బందీ ఒకటుంది. సెక్షన్ విప్పాలంటే కాస్త వేడి తగిలించాలి, సెల్యులాయిడ్‌కి వేడి ఎక్కువైతే అంటుకుంటుంది. అది సరే, విప్పడం భయమైతే "పార్కర్ తయారీ" అని రాయడానికీ అంతే భయపడాలి. అమ్మకానికి వచ్చే పెన్నుల ఫోటోల్లో క్యాప్, క్లిప్పు, పాళీ మూడూ ఉంటాయి, లోపలి మరల ఫోటో ఒక్కటే ఉండదు.